బ్లాక్ ఫ్లాగ్ 'మై వార్': స్పీడ్ తగ్గించి బరువు పెంచిన ఒక పంక్ బ్యాండ్ కేసు

"ఇంకా హెవీగా కావాలి బ్రో" అని అడగని బ్యాండ్ నాకు ఇంతవరకు తగల్లేదు. హైదరాబాద్‌లో బ్యాండ్ల రికార్డింగ్, మిక్సింగ్ చేస్తుంటా కాబట్టి ఈ మాట అలవాటైపోయింది. అనడం ఆలస్యం గిటారిస్ట్ చెయ్యి గెయిన్ నాబ్ (గిటార్ సౌండ్‌ని గరగరలాడించేది) మీదకి పోతుంది, బేస్ వాయించేవాడు ఇంకో పెడల్ తగిలిస్తాడు, డ్రమ్మరేమో డబుల్ పెడల్ ఉందా అంటాడు, పావుగంటకల్లా జామ్ రూమ్ అంతా జుయ్‌మని ఒకటే గోల, రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) ఏంటో వాయించినవాడికే వినపడదు. అలాంటప్పుడు నేను తీసి వినిపించే రికార్డు బ్లాక్ ఫ్లాగ్ వాళ్ళ మై వార్, 1984. అందులోనూ రెండో సైడ్. సౌండ్ పరంగా చూస్తే అదేమంత లావుగా ఉండదు, ఇవాళ్టి మెటల్ రికార్డుల పక్కన పెడితే సన్నగా, పొడిగా, కాస్త చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుంది. అయినా వింటుంటే ఛాతీ మీద బండ పెట్టినట్టుంటుంది. ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది అనేదే ఇక్కడ నా గోల.

బ్యాండ్ తెలీనివాళ్ళకి క్లుప్తంగా చెప్తా. లాస్ ఏంజెలెస్ పక్కన సముద్రం ఒడ్డున హెర్మోసా బీచ్ అని ఊరుంది, అక్కడ గ్రెగ్ గిన్ అనే గిటారిస్ట్ 1976లో పానిక్ అనే పేరుతో బ్యాండ్ మొదలెట్టాడు. ఆ పేరు ఇంకోళ్ళకి ఉండటంతో తర్వాత బ్లాక్ ఫ్లాగ్ అయ్యింది. ఆ పేరు ఇచ్చిందీ, ఆ నాలుగు నల్ల కడ్డీల లోగో గీసిందీ గిన్ తమ్ముడు రేమండ్ పెటిబాన్. గిన్‌కి చిన్నప్పట్నుంచి హ్యామ్ రేడియో పిచ్చి, ఆ సామాను అమ్మడానికి పెట్టుకున్న సాలిడ్ స్టేట్ ట్యూనర్స్ అనే బుల్లి వ్యాపారమే తర్వాత ఎస్ఎస్‌టి రికార్డ్స్ అనే లేబుల్ అయ్యింది. వాళ్ళ మొదటి రికార్డు నర్వస్ బ్రేక్‌డౌన్‌లో 4 పాటలు, నాలుగూ కలిపి 5 నిమిషాల చిల్లర. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సింగర్లు మారుతూ పోయారు. కీత్ మారిస్, రాన్ రేయెస్, డెజ్ కడేనా, ఆ తర్వాత 1981లో వాషింగ్టన్ డీసీ నుంచి 20 ఏళ్ళ హెన్రీ రోలిన్స్, అప్పటిదాకా ఐస్‌క్రీం షాపులో పని చేసుకునే కుర్రాడు, బ్యాండ్‌కి ఫ్యాన్. అదే ఏడాది చివర్లో డ్యామేజ్డ్ ఆల్బమ్ వచ్చింది. అమెరికన్ హార్డ్‌కోర్ పంక్ (పంక్‌లోనే ఇంకా స్పీడుగా, కోపంగా ఉండే రకం) అంటే ఇదీ అని ఇప్పటికీ చూపించే రికార్డు. అందులో పోలీసుల మీద కోపం ఉంది, అలాగే బీర్ తాగుతూ టీవీ ముందు పడుండే బ్యాచ్ మీద జోకు పాట కూడా ఉంది. పదిహేను పాటలు, ముప్పావు గంట కూడా పట్టదు. కానీ చివరి పాట చూడండి, డ్యామేజ్డ్ వన్, అది మిగతా ఆల్బమ్‌తో పోలిస్తే ఈడ్చుకుంటూ నడుస్తుంది, రోలిన్స్ పాడటం మానేసి తనలో తనే కొట్టుకుంటున్నట్టు అరుస్తాడు. మై వార్ ఉన్నట్టుండి ఊడిపడిందని రాసేవాళ్ళు ఈ పాట వినరేమో అని నా డౌట్. విత్తనం అక్కడే పడింది.

ఇక తగువు సంగతి. ఇది లేకపోతే మై వార్ కథే లేదు. డ్యామేజ్డ్ పంపిణీకి యూనికార్న్ అనే లేబుల్‌తో ఒప్పందం, దాని వెనక ఎంసీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ. రికార్డు రెడీ అయ్యాక ఎంసీఏ పెద్దాయన విని ఇది తల్లిదండ్రులకి వ్యతిరేకంగా ఉంది, మేం అమ్మం అన్నాడు. తర్వాత యూనికార్న్‌కీ వీళ్ళకీ కోర్టు కేసులు, బ్లాక్ ఫ్లాగ్ అనే పేరు మీద కొత్త రికార్డు వేయకూడదని కోర్టు ఆర్డరు. వీళ్ళు ఊరుకోలేదు, పాత రికార్డింగులతో ఎవ్రీథింగ్ వెంట్ బ్లాక్ అని ఒకటి బ్యాండ్ పేరు లేకుండా వేశారు, దానికి కోర్టు ధిక్కారం కింద గిన్, బేస్ ప్లేయర్ చక్ డుకౌస్కీ ఇద్దరూ కౌంటీ జైల్లో 5 రోజులు కూర్చున్నారు. 1983 చివర్లో యూనికార్న్ దివాళా తీసేదాకా ఈ సంకెళ్ళు తెగలేదు.

అంటే దాదాపు రెండేళ్ళు కొత్త ఆల్బమ్ లేదు. అదే టైంలో ఊళ్ళో మిగతా బ్యాండ్లన్నీ డ్యామేజ్డ్ విని ఇంకా స్పీడ్, ఇంకా స్పీడ్ అని పరిగెడుతున్నాయి. వీళ్ళు మాత్రం షెడ్‌లో రోజూ గంటలు గంటలు ప్రాక్టీస్. బయటికి వదలడానికి వీల్లేని బ్యాండ్‌కి చేసే పని ఏముంటుంది, లోపలికి తవ్వుకోవడం తప్ప. హెవీ మెటల్‌కి మూలపురుషుల్లాంటి బ్లాక్ సబ్బాత్ రికార్డులు తెగ వినేవాళ్ళు, జుట్టు పెంచేశారు (పంక్ వాళ్ళకి అప్పట్లో జుట్టు పెంచడం అంటే పార్టీ మారినట్టే), సెయింట్ వైటస్ అనే స్లో మెటల్ బ్యాండ్‌ని తమ సొంత లేబుల్‌కే తెచ్చుకున్నారు.

మనుషులు కూడా మారారు. డ్రమ్మర్ రోబో కొలంబియా వాడు, ఇంగ్లండ్ టూర్ అయ్యాక వీసా గొడవతో అమెరికాకి తిరిగి రాలేకపోయాడు. 1982లో చక్ బిస్కిట్స్ అనే కెనడా డ్రమ్మర్ వచ్చాడు, అప్పుడు చేసిన డెమోలు బూట్‌లెగ్‌గా (అనుమతి లేని కాపీలుగా) తిరుగుతుంటాయి, మై వార్ టైటిల్ పాట అందులోనే ఉంది, అప్పటికి ఇద్దరు గిటారిస్టులు కూడా. నన్నడిగితే ఆ లైనప్ పవర్ వేరే లెవల్. కానీ అది నిలవలేదు. బిస్కిట్స్ వెళ్ళిపోయాడు, రెండో గిటార్ వాయించే డెజ్ వెళ్ళిపోయాడు, 1983లో డుకౌస్కీ కూడా వాయించడం ఆపి మేనేజర్ కుర్చీలోకి మారాడు. మిగిలింది గిన్, రోలిన్స్, కొత్తగా డిసెండెంట్స్ నుంచి వచ్చిన డ్రమ్మర్ బిల్ స్టీవెన్‌సన్. బేస్ వాయించే మనిషే లేడు.

అలా ముగ్గురే 1983 డిసెంబర్‌లో రెడాండో బీచ్‌లోని టోటల్ యాక్సెస్ స్టూడియోలోకి వెళ్ళారు. బేస్ కూడా గిన్నే వాయించేసి రికార్డు మీద డేల్ నిక్సన్ అని ఒక ఉత్తుత్తి పేరు వేశాడు. ప్రొడక్షన్ చేసింది స్పాట్ అనే ప్రొడ్యూసర్, గిన్, స్టీవెన్‌సన్. 1984 మార్చిలో రిలీజ్.

మొదటి సైడ్‌లో 6 పాటలు, పాత బ్లాక్ ఫ్లాగే కానీ మెలికలు తిరిగిన బ్లాక్ ఫ్లాగ్. ఫ్లిప్ చేస్తే రెండో సైడ్‌లో మూడే పాటలు, నథింగ్ లెఫ్ట్ ఇన్‌సైడ్, త్రీ నైట్స్, స్క్రీమ్. ఒక్కోటి 6 నిమిషాలు దాటుతుంది. ఇందాక చెప్పిన నంబర్ గుర్తుందా, వీటిలో ఏ ఒక్క పాట తీసుకున్నా వాళ్ళ మొదటి రికార్డు మొత్తం కంటే పెద్దది. మూడూ ఇంచుమించు ఒకటే నడక, ఒకటే చీకటి, మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి ఒక ఫాస్ట్ పాట కూడా వెయ్యలేదు. మామూలుగా ఏ ప్రొడ్యూసరైనా ఈ మూడింటినీ ఫాస్ట్ పాటల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి సర్దుతాడు. వీళ్ళు అలా సర్దలేదు, అన్నీ ఒకేచోట కుప్పపోశారు, నచ్చనివాడు సైడ్ తిప్పకుండా ఉండొచ్చు కానీ తిప్పితే మాత్రం ఇరవై నిమిషాలు బయటికి దారి లేదు.

ఇప్పుడు నా పనికి సంబంధించిన భాగం. బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది?

మొదటిది టైం. కాస్త లెక్క చూద్దాం. బేస్ గిటార్‌లో కింది ఈ స్ట్రింగ్ సుమారు 41 హెర్ట్జ్, అంటే ఒక్క ఊపు పూర్తవ్వడానికి 24 మిల్లీసెకన్లు పడుతుంది. 200 బీపీఎం (నిమిషానికి 200 బీట్లు) పంక్ పాటలో ఎయిత్ నోట్లు (బీట్‌కి రెండు) వాయిస్తుంటే ఒక్కో నోటుకి దొరికేది 150 మిల్లీసెకన్లు, అంటే ఆరు ఊపులు ఊగేసరికి ఇంకో దెబ్బ పడిపోతుంది. చెవికి ఆ నోటు లోతు పూర్తిగా పట్టేలోపే అది అయిపోయింది. అదే 60 బీపీఎం దగ్గర ఒక్క బీట్ అంటే పూర్తి సెకను, 41 ఊపులు. అదే ఆంప్, అదే స్ట్రింగ్, కానీ ఇప్పుడు ఆ నోటు పుట్టడం, నిలబడటం, ఫీడ్‌బ్యాక్‌లోకి (ఆంప్ మోత గిటార్‌కే తిరిగి తగిలి కూత పెట్టడం) జారడం అన్నీ వినపడతాయి. కిక్ డ్రమ్ తర్వాత రూమ్ మోత కూడా అంతే, ఫాస్ట్ పాటలో తర్వాతి దెబ్బ దాన్ని మింగేస్తుంది, స్లో పాటలో అది పాటలో భాగం అవుతుంది. కాబట్టి లో ఎండ్ (కింది స్థాయి బరువైన సౌండ్) అనేది ఈక్యూలో (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) పెంచేదానికంటే ముందు టెంపోలో దొరుకుతుంది. ఇది గిన్ ఈ లెక్కలేసుకుని చేశాడని కాదు, రోజూ గంటలు వాయించేవాడికి లెక్క అక్కర్లేకుండానే ఇది తగులుతుంది.

రెండోది ప్రాక్టీస్ పద్ధతి, నా దృష్టిలో అసలు విషయం ఇదే. స్టీవెన్‌సన్ వచ్చింది డిసెండెంట్స్ నుంచి, నిమిషంలోపు అయిపోయే పాటలు అలవాటైన చేతులు. గిన్ అతన్ని కూర్చోబెట్టి పాటల్ని మరీ నెమ్మదిగా, బీట్‌కి బీట్‌కి మధ్య ఉన్న ఖాళీ తెలిసేదాకా వాయించేవాడు. మన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు, సరళీ స్వరాలు మూడో కాలంలో గడగడా పాడే పిల్లని టీచర్ మళ్ళీ ఒకటో కాలానికి తెచ్చి కూర్చోబెడితే తెలుస్తుంది ఆ పిల్లకి తాళం ఎంత పట్టుందో. స్పీడ్‌లో తప్పులు దాగుతాయి. కిక్, బేస్ 30 మిల్లీసెకన్లు అటూ ఇటూ పడితే ఫాస్ట్ హార్డ్‌కోర్‌లో అది కసి అనిపిస్తుంది, స్లో పాటలో అదే 30 మిల్లీసెకన్లు రెండు వేరే దెబ్బలుగా వినపడి పాట గాలి పోయినట్టు అవుతుంది. రెండో సైడ్‌లో స్టీవెన్‌సన్ చేసిన గొప్ప పని ఏంటంటే ఎక్కడా ఖాళీని ఫిల్స్‌తో (మధ్యలో వేసే చిన్న డ్రమ్ ముక్కలు) నింపెయ్యకపోవడం. కుర్ర డ్రమ్మర్లు ఇక్కడే దొరికిపోతారు, ఒక సెకను నిశ్శబ్దం వస్తే చాలు చేతులు దురద పెడతాయి.

మూడోది ఆ డేల్ నిక్సన్ సంగతి. బేస్, గిటార్ రెండూ ఒకే మనిషి చెయ్యి కావడం వల్ల నోటు మొదలవడం, ఆపడం, వంచడం అన్నీ ఒకేలా ఉంటాయి, రెండు వాయిద్యాలు కలిసి ఒకే పెద్ద వాయిద్యం అయినట్టుంటుంది. ఇది బలం. కానీ దీనికో లోటు కూడా ఉంది, ఇద్దరు మనుషులు వాయించేటప్పుడు ఉండే లాగుడు గుంజుడు ఇందులో లేదు. బేస్ గిటార్ నీడలాగా వెనకే నడుస్తుంది తప్ప ఎక్కడా ఎదురు తిరగదు, మిక్స్‌లో కూడా బేస్ కాస్త లోపలికి పోయింది. తర్వాత కీరా రోస్లర్ బేస్‌కి వచ్చాక చేసిన లైవ్ 84లో వీటిలో కొన్ని పాటలు వింటే తేడా పట్టేస్తుంది. నడుం వచ్చింది పాటలకి.

గిటార్ గురించి కూడా ఒక మాట. గిన్ వాడింది ఆంపెగ్ వాళ్ళ డ్యాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ గిటార్, పారదర్శకంగా ప్లాస్టిక్ ఒంటితో ఉంటుందే అది. అతని టోన్ మెత్తగా ఉండదు, మిడ్, ట్రెబుల్ (మధ్య, పై స్థాయి సౌండ్) కోసుకుంటూ వస్తాయి. మెటల్ గిటారిస్టులు ఎక్కువమంది చేసేది గెయిన్ పెంచి మిడ్ తగ్గించడం. గెయిన్ ఎంత పెంచితే సిగ్నల్ అంత నొక్కుకుపోతుంది, పిక్ తగిలిన ఆ మొదటి చప్పుడు, తర్వాతి మోత రెండూ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. స్లో రిఫ్‌కి బరువు ఇచ్చేది ఆ మొదటి దెబ్బే. దెబ్బ లేకపోతే మిగిలేది మోత మాత్రమే. గిన్ సోలోలు మాత్రం వేరే కథ, స్వరం తప్పి తప్పి కావాలని గోకినట్టుంటాయి, స్క్రీమ్‌లో అది పాటకి అతికింది, మొదటి సైడ్‌లో ద స్వింగింగ్ మ్యాన్‌లో నాకైతే ఎక్కలేదు. ఎక్కినవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో గొడవ లేదు.

నాలుగోది మాటలు, గొంతు. డ్యామేజ్డ్‌లో శత్రువు బయట ఉన్నాడు, పోలీసు, టీవీ, తాగుబోతు ఫ్రెండ్. మై వార్‌లో ఆల్బమ్ మొత్తం మీద ఒక్క జోకు లేదు, శత్రువు లోపలికి వచ్చేశాడు. టైటిల్ పాట రాసింది డుకౌస్కీ, అప్పటికే బ్యాండ్‌లో వాయించని మనిషి, కానీ ఆల్బమ్ మొత్తానికి దారి చూపించింది అతని పాటే. ఇక రోలిన్స్. ఫాస్ట్ పాటలో సింగర్‌కి దాక్కునే చోటు ఉంటుంది, ఎనిమిది లైన్లు గబగబా అరిచేస్తే ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది, శ్రుతి గురించి ఎవరూ అడగరు. ఆరు నిమిషాల పాటలో ఒక్కో మాట విడిగా నిలబడాలి. అక్కడక్కడా నటనలాగా అనిపిస్తుంది, కాదనను. కానీ స్క్రీమ్ చివర్లో మాటలైపోయి అరుపే మిగిలే చోట ఏ వోకల్ ట్రైనింగ్ ఇచ్చినా రాని సరుకుంది. ఇంజనీర్‌గా ఆ గొంతు వింటే భయం కూడా వేస్తుంది, రోజూ స్టేజ్ మీద అలా చేస్తే ఏమవుతుందో అని.

మరి జనం ఏమన్నారు? తిట్టారు. మాగ్జిమమ్ రాక్‌న్‌రోల్ పత్రిక అప్పట్లో పంక్ వాళ్ళకి పంచాయతీ పెద్దలాంటిది, అందులో టిమ్ యోహానన్ ఈ రెండో సైడ్ వినడం చిత్రహింసే అన్నట్టు రాశాడు. షోలకి వచ్చిన కుర్రాళ్ళు పాత ఫాస్ట్ పాటలు అడిగేవాళ్ళు, వీళ్ళేమో ఇంకా రిలీజ్ కాని పాటలు వాయించేవాళ్ళు. ఉమ్మేయడం, కొట్టడం రోలిన్స్‌కి టూర్‌లో మామూలైపోయింది. న్యాయంగా చెప్పాలంటే స్లో పంక్ కనిపెట్టింది వీళ్ళు కాదు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్లిప్పర్ అనే బ్యాండ్ 1982 ఆల్బమ్‌లోనే జనాన్ని విసిగించే పని మొదలెట్టింది. కానీ ఫ్లిప్పర్‌ది ఒకరకం వెటకారం, రావడం రావడమే వెక్కిరిస్తూ వచ్చారు. అప్పటికే ఫాస్ట్ పాటలతో రాజ్యమేలిన బ్యాండ్ స్లో అవ్వడం వేరే దెబ్బ, అది నమ్మకద్రోహంలా తగిలింది.

ఇంకో పోలిక చెప్తేగానీ ఇది పూర్తవ్వదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో చాలా హార్డ్‌కోర్ బ్యాండ్లు హెవీ అయ్యాయి, కొరోజన్ ఆఫ్ కన్ఫార్మిటీ 1985లో, డీఆర్ఐ 1987లో క్రాసోవర్ అని పేరే పెట్టి మరీ. వాళ్ళు పట్టుకుంది థ్రాష్ మెటల్ దారి, అంటే స్పీడ్ ఉంచి రిఫ్‌లు బిగించడం. మంచి రికార్డులే, నాకిష్టం. కానీ అది పంక్ వినేవాడికి ఒక్క మెట్టు పక్కన. బ్లాక్ ఫ్లాగ్ చేసింది ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని కింద పెట్టేయడం.

ఆ విత్తనం ఎక్కడ పండిందంటే, అమెరికా వాయవ్యం మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో. మాంటెసానో అనే చిన్న ఊళ్ళో మెల్విన్స్ అనే బ్యాండ్ అప్పటికి మామూలు ఫాస్ట్ హార్డ్‌కోర్ వాయిస్తోంది, ఈ రికార్డు తర్వాత వాళ్ళు బ్రేక్ వేసి అసలు వెనక్కి చూడలేదు. పక్క ఊరు అబర్డీన్‌లో మెల్విన్స్ ప్రాక్టీస్ చుట్టూ తిరిగే ఒక కుర్రాడు కర్ట్ కోబేన్ (నిర్వాణ బ్యాండ్ సింగర్ అయ్యింది ఇతనే), తర్వాత తన డైరీలో రాసుకున్న ఇష్టమైన ఆల్బమ్‌ల లిస్టులో మై వార్ ఉంది. నిర్వాణ మొదటి ఆల్బమ్ బ్లీచ్, 1989, జాక్ ఎండినో 606 డాలర్ల చిల్లరతో రికార్డు చేసింది, అందులో ఆ ఈడ్చే నడక ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. అటు న్యూ ఓర్లీన్స్ వైపు ఐహేట్‌గాడ్ లాంటి స్లడ్జ్ (పంక్, స్లో మెటల్ కలిసిన బురద లాంటి సౌండ్) బ్యాండ్లూ ఈ రెండో సైడ్ పిల్లలే.

బ్లాక్ ఫ్లాగ్ మాత్రం దీని మీదే కూర్చోలేదు. 1984 ఒక్క ఏడాదిలోనే ఫ్యామిలీ మ్యాన్, స్లిప్ ఇట్ ఇన్ కూడా వచ్చేశాయి, ఇంకా లైవ్ టేప్ ఒకటి. రెండేళ్ళ ఆకలి అది. ఫ్యామిలీ మ్యాన్ సగం రోలిన్స్ చదివే మాటలు, సగం వాద్య సంగీతం, ఆ సగం సగం నాకు తేలిపోయినట్టే ఉంటుంది. 1985లో ఇన్ మై హెడ్ మళ్ళీ గట్టి రికార్డు. 1986లో బ్యాండ్ విడిపోయింది.

నా పనిలో దీన్ని ఎలా వాడతానంటే, హెవీ కావాలని వచ్చిన బ్యాండ్‌కి ముందు పెడల్స్ అన్నీ తీయిస్తా. ఉన్న పాటని సగం టెంపోలో క్లిక్‌తో (చెవిలో టిక్ టిక్ మనే తాళం) వాయించమంటా, కుదిరాక క్లిక్ తీసేస్తా. క్లిక్ తీసిన రెండో నిమిషానికి డ్రమ్మర్ పరుగు మొదలెడతాడు, ఖాళీ అంటే భయం కాబట్టి. అది ఆగేదాకా మైకులు పెట్టను. తర్వాత గిటార్ గెయిన్ వాళ్ళు అనుకున్నదానికంటే తక్కువ, రూమ్ మైక్ అనుకున్నదానికంటే ఎక్కువ. సగం బ్యాండ్లు పాత టెంపోకే వెళ్ళిపోతాయి, అందులో తప్పేం లేదు, ఆ పాట పాత టెంపోలోనూ ముందుకంటే బిగువుగానే వస్తుంది. గిన్ కూడా ఈ స్లో ప్రాక్టీస్ అన్ని పాటల కోసమూ చేసిందే, రెండో సైడ్ కోసం మాత్రమే కాదు, మొదటి సైడ్‌లో టైటిల్ పాట ఆ కూడబలుక్కుని ఉరికే తీరు అందుకే అంత కచ్చితంగా ఉంటుంది.

ఈ రికార్డు మల్టీట్రాక్ (ఒక్కో వాయిద్యం విడివిడిగా ఉండే టేప్) నా చేతికొస్తే ఏం మారుస్తావని ఒక ఫ్రెండ్ అడిగాడు. బేస్ రెండు మూడు డీబీ పైకి తెస్తా, మొదటి సైడ్‌లో కొన్నిచోట్ల వోకల్ కాస్త వెనక్కి జరుపుతా. గిటార్‌లో ఆ గుచ్చుకునే ట్రెబుల్ మాత్రం ముట్టుకోను, దాన్ని సాఫ్ట్ చేస్తే త్రీ నైట్స్ వినడానికి హాయిగా ఉంటుంది, అది హాయిగా ఉండాల్సిన పాట కాదు.